సిగ్నల్ దగ్గర ఆగితే హీటర్ చల్లబడుతోందా? ముందు రేడియేటర్ మూత తీసి చూడు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఖమ్మం. మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాను. ఆగస్టులో ఒక సీనియర్ దగ్గర 2005 మోడల్ కొరొల్లా కొన్నాను, లక్షా డెబ్బై ఎనిమిది వేల మైళ్లు తిరిగిన బండి. చలి మొదలయ్యాక హీటర్ సరిగ్గా పనిచేయడం లేదు. ఫ్రీవే మీద వెళ్తున్నంతసేపు గోరువెచ్చగా వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితే రెండు నిమిషాల్లో చల్లగాలి. టెంపరేచర్ ముల్లు మాత్రం మామూలు చోటే ఉంటుంది. బానెట్ కింద తెల్ల డబ్బాలో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గిందని రెండుసార్లు దాదాపు లీటరు చొప్పున కుళాయి నీళ్లు పోశాను, ఇంటి దగ్గర నాన్న అలాగే చేసేవారు. ఇప్పుడు ఆ డబ్బా నిండుగానే ఉంది. షాపుకి తీసుకెళ్తే పది నిమిషాలు చూసి హీటర్ కోర్ పోయింది, 1,150 డాలర్లు అవుతుంది అన్నారు. కారు కొన్నదే 3,200కి. అంత పెట్టాలా, లేక ఈ చలికాలం జాకెట్ వేసుకుని నెట్టుకొచ్చేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: తమ్ముడూ, హీటర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు పోసిన ఆ నీళ్ల గురించి మాట్లాడుకోవాలి, నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే. ఖమ్మంలో మీ నాన్నగారు నీళ్లు పోస్తే మహా అయితే లోపల తుప్పు పడుతుంది, బోరు నీళ్ల ఉప్పు పేరుకుంటుంది, బండి కొన్నేళ్లు అలాగే నడుస్తుంది. మిషిగన్ జనవరిలో అదే పని ఇంజన్‌నే తీసేస్తుంది. నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకి రేడియేటర్ చీలొచ్చు, ఇంజన్ బ్లాక్, అంటే ఇంజన్ అసలు లోహపు దిమ్మ కూడా పగలొచ్చు, బ్లాక్ పగిలితే ఆ కారు ఇక తుక్కు కిందే లెక్క.

లెక్క వేసి చూపిస్తాను. నీ కారులో మొత్తం పట్టేది సుమారు ఆరున్నర లీటర్లు. మొదట్లో సగం కూలెంట్, సగం నీళ్లు ఉన్నాయనుకుందాం, ఆ మిశ్రమం మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. అందులోంచి రెండుసార్లు లీటరు చొప్పున కారిపోయి, ఆ చోటులోకి ఉత్త నీళ్లు చేరితే కూలెంట్ వంతు 36 శాతం దగ్గరికి పడిపోతుంది, గడ్డకట్టే హద్దు మైనస్ 20 చుట్టుపక్కలకి వచ్చేస్తుంది. 2019 జనవరి చివర్లో వచ్చిన చలికి డెట్రాయిట్‌లో మైనస్ 25 దాకా పడింది. అదీ సీనియర్ నీకు అమ్మేటప్పటికి సగం సగం ఉందనుకుంటేనే, ఆయన కూడా అంతకుముందు నీళ్లే పోసి ఉంటే పరిస్థితి ఇంకా దగ్గరపడినట్టే.

కాబట్టి ఇవాళే ఏదైనా ఆటో పార్ట్స్ షాపులో కూలెంట్ టెస్టర్ కొను, కొద్ది డాలర్లే, రబ్బరు బల్బు నొక్కి కొంచెం కూలెంట్ పైకి లాగితే అది ఎంత చలి దాకా ఆగుతుందో అంకె చూపిస్తుంది. తెల్ల డబ్బాలోంచి కాదు, ఇంజన్ బాగా చల్లారాక రేడియేటర్‌లోంచి తీసి కొలువు, డబ్బాలో ఉన్నది ఎక్కువగా నువ్వు పోసిన నీళ్లే. మైనస్ 30 కంటే తక్కువ రక్షణ చూపిస్తే రేడియేటర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ బిరడా వదులు చేసి రెండు లీటర్లు బయటికి తీసి, ఆ స్థానంలో నీళ్లు కలపని కూలెంట్ పోయాలి. అలాగని మొత్తం నీళ్లు కలపని కూలెంటే నింపితే ఇంకా మంచిదనుకోకు, అది ఒట్టిగా ఉంటే మైనస్ 13 దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది, వేడిని మోయడం కూడా నీళ్లు కలిసినదానికంటే తక్కువే. మామూలుగా సగం సగం చాలు, మీ దగ్గర చలికి అరవై శాతం కూలెంట్, నలభై శాతం నీళ్లు చేసినా తప్పు లేదు. రంగు చూసి కొనకు, గులాబీ రంగువన్నీ ఒకటి కావు, డబ్బా మీద ఏ కార్లకో చదివి జపాన్ కార్లకు సరిపోయే లాంగ్ లైఫ్ రకం తీసుకో. బయటికి తీసినది డ్రైనేజీలో పారబోయకు, నేల మీదా వదలకు, తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొంచెం లోపలికి వెళ్లినా ప్రాణం తీసే విషం అది. మూత ఉన్న డబ్బాలో పట్టి మీ ఊరి ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వు.

ఇది అయ్యేదాకా రాత్రి చలి మైనస్ 15 దాటి కిందకి వెళ్లేలా ఉంటే కారుని ఆరుబయట పెట్టకు, యూనివర్సిటీ పార్కింగ్ గరాజ్ ఉంటే అక్కడ పెట్టు.

సరే, ఇప్పుడు హీటర్. మన హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్లు కూడా ఆ నాబ్‌ని ఎర్ర గీత వైపు ఒక్కసారీ తిప్పి ఉండరు, అందుకే ఇక్కడికి వచ్చాక హీటర్ అనగానే ఏసీ లాంటి వేరే మిషను ఏదో లోపల ఉందనుకుంటారు. నీ కారులో హీటర్‌కి సొంతంగా పొయ్యి లేదు. పెట్రోలు మండి పుట్టే వేడిలో సుమారు మూడో వంతు కూలెంట్‌లోకి వెళ్తుంది. ఆ వేడి కూలెంట్‌ని పంపు ఇంజన్ చుట్టూ తిప్పుతుంది, అందులో కొంత రెండు రబ్బరు గొట్టాల గుండా డాష్‌బోర్డ్ వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి తిరిగొస్తుంది, దాన్నే హీటర్ కోర్ అంటారు. ఫ్యాను ఆ కోర్ మీదుగా గాలి ఊదుతుంది, అంతే. అంటే గాలి వెచ్చగా రావాలంటే కూలెంట్ నిండుగా ఉండాలి, తగినంత వేడెక్కాలి, కోర్ గుండా పారాలి, గాలి ఆ కోర్ మీదుగా పోవాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పిందో కనుక్కోవడమే మన పని, ఒక పార్టు మార్చి చూద్దాం, కాకపోతే ఇంకొకటి మార్చి చూద్దాం అనే పద్ధతి వద్దు.

నువ్వు రాసిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. నడుస్తుంటే వెచ్చగా, ఆగితే చల్లగా. ఫ్రీవే మీద ఇంజన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి పంపు కూడా గట్టిగా తోస్తుంది, లోపల కూలెంట్ తక్కువున్నా, మధ్యలో గాలి చేరినా ఎలాగోలా కోర్ దాకా తోసేస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ నెమ్మదించగానే ఆ తోపు చాలదు. చాలా కార్లలో హీటర్ కోర్ మిగతా గొట్టాల కంటే ఎత్తులో ఉంటుంది, కూలెంట్ తగ్గితే ముందు ఖాళీ అయ్యేది అదే, గాలి బుడగ వెళ్లి కూర్చునేదీ అక్కడే. అందుకే హీటర్ బలహీనపడటాన్ని నేను ఇంజన్ ఇచ్చే మొదటి హెచ్చరికగా చూస్తాను. జాకెట్ వేసుకుని నెట్టుకొచ్చేయాలా అని అడిగావు కదా, వద్దు. చలి నువ్వు తట్టుకోగలవు, కూలెంట్ లేకుండా వేడెక్కితే ఆ ఇంజన్ తట్టుకోలేదు. పైగా అద్దం మీద ఆవిరి పోగొట్టేది కూడా ఈ వేడి గాలే, మంచు పడుతున్న రాత్రి ముందు అద్దం మసకబారితే రోడ్డు కనపడదు.

ముల్లు మామూలు చోటే ఉంది కదా అంటావేమో. ఆ ముల్లుని పూర్తిగా నమ్మకు, చిన్న చిన్న తేడాలకి అది కదలకుండా తయారుచేస్తారు, పైగా టెంపరేచర్ సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది, దాని చుట్టూ గాలి చేరితే తప్పు చెబుతుంది.

ఇక మొదటి పరీక్ష, ఐదు నిమిషాల పని. రాత్రంతా ఆగిన కారు, పొద్దున స్టార్ట్ చేయకముందు, రేడియేటర్ మీదున్న లోహపు మూత తీసి లోపలికి చూడు. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకు, లోపల ఒత్తిడి మీద ఉన్న కూలెంట్ మామూలు మరుగు స్థానం దాటిన వేడితో ఉండొచ్చు, మూత వదులైన క్షణంలో మొహం మీదకి చిమ్ముతుంది. చల్లగా ఉన్నప్పుడు తీస్తే కూలెంట్ అంచు దాకా కనపడాలి. నా అనుమానం, నీకు అది కనపడదు. తెల్ల డబ్బా నిండుగా ఉంది కాబట్టి అంతా బాగానే ఉందని నువ్వూ అనుకున్నావు, బహుశా షాపువాళ్లూ అదే అనుకున్నారు, కానీ ఆ డబ్బా పొంగినది పట్టుకునే పాత్ర మాత్రమే. ఇంజన్ వేడెక్కినప్పుడు వ్యాకోచించిన కూలెంట్ మూతలోని వాల్వు గుండా డబ్బాలోకి వెళ్తుంది, చల్లారినప్పుడు తిరిగి లోపలికి పీల్చుకోవాలి. మూత రబ్బరు గట్టిపడిపోయినా, సన్నగా ఎక్కడో లీకు ఉన్నా, చల్లారేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్ బదులు ఆ సందులోంచి గాలి పీల్చుకుంటుంది. అలా రోజూ కొంచెం కొంచెంగా లోపల ఖాళీ పెరుగుతుంది, డబ్బా మాత్రం నిండుగా కనపడుతూ ఉంటుంది.

నా మొదటి చలికాలంలో నాకూ సరిగ్గా ఇదే జరిగింది. డబ్బా చూసి తృప్తి పడి, ఎవరో చెప్పారని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) మార్పించి, డబ్బులు పోయినా గాలి చల్లగానే వస్తుంటే, ఒక పెద్దాయన పార్కింగ్‌లో నా కారు మూత తీసి వేలు పెట్టి చూపించారు, వేలు తడవలేదు. ఆ రోజు నుంచి ఎవరు హీటర్ గురించి అడిగినా నేను ముందు అడిగే ప్రశ్న మూత తీశావా అనే.

లోపల తక్కువగా ఉంటే సరైన మిశ్రమం నింపి గాలి బయటికి తీయాలి. కారు ముందు భాగం ఎత్తుగా ఉండేలా ఏటవాలు చోట ఆపు, హ్యాండ్ బ్రేక్ వేసి వెనక చక్రాలకి అడ్డు పెట్టు. రేడియేటర్ మూతి మీద బిగుసుకునే కూలెంట్ గరాటు దొరుకుతుంది, పాతిక ముప్పై డాలర్లు, తర్వాత రూమ్మేట్లందరికీ పనికొస్తుంది. అందులో కొంచెం కూలెంట్ పోసి, హీటర్ నాబ్ పూర్తి వేడి వైపు తిప్పి, ఫ్యాను చిన్న స్పీడులో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయి. బుడగలు వస్తుంటాయి, గరాటులో మట్టం దిగుతుంటుంది, ఇంకాస్త పోస్తూ ఉండు. పై రేడియేటర్ గొట్టాన్ని మందపాటి గుడ్డతో పట్టుకుని మధ్యమధ్యలో పిసుకు, ఇంకా బుడగలు వస్తాయి. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఓపిక పట్టాలి, అరగంట పట్టొచ్చు, గడ్డకట్టే చలిలో ఫ్యాను తిరగడానికి ఇంకా ఆలస్యమవుతుంది. ఇది ఆరుబయటే చేయాలి, గరాజ్ తలుపు సగం తెరిచినా సరే లోపల ఇంజన్ ఆన్‌లో ఉంచకు, పొగలో వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బుడగలు ఆగాక ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మూతి దాకా నింపి కొత్త మూత పెట్టు. పాత మూత పారేయి, కొత్తది పది పదిహేను డాలర్లు, దానికోసం లోభించకు. డబ్బాలో కూడా నీళ్లు పారబోసి మిశ్రమమే పోయి.

చాలామందికి ఇక్కడితోనే గాలి కాలేంత వేడిగా వచ్చేస్తుంది, వాళ్లు సంతోషపడి వదిలేస్తారు. నువ్వు వదలొద్దు, ఎందుకంటే రెండు లీటర్లు ఎక్కడికో పోయాయి. కూలెంట్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే కారుతోందన్నమాట. ఆ దారి కనుక్కోకపోతే ఫిబ్రవరిలో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తావు.

లీకు వెతకడానికి పెద్ద అమెరికన్ పార్ట్స్ షాపుల్లో కూలింగ్ ప్రెషర్ టెస్టర్ అడుగు, డిపాజిట్ కట్టించుకుని ఇస్తారు, తిరిగిచ్చాక డబ్బు వెనక్కిస్తారు. చల్లని ఇంజన్‌కి దాన్ని మూత స్థానంలో బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా చేతితో పంపు కొట్టి పావుగంట ఆగు, ఆ అంకె దాటించకు. టెస్టర్ ముల్లు దిగుతోందంటే ఎక్కడో కారుతోంది, టార్చ్ పట్టుకుని వెతుకు. నీ బండిలో నేనైతే ముందు చూసేది వాటర్ పంపు. ఇంజన్‌కి ప్యాసింజర్ వైపు, బెల్టు ఉన్న చోట ఉంటుంది. దాని సీలు అరిగితే అడుగున ఒక చిన్న రంధ్రం లోంచి చుక్కలు చుక్కలుగా వస్తుంది, వేడికి ఆరిపోయి గులాబీ రంగు పెళుసు చారలు మిగులుతాయి, అందుకే నేల మీద మడుగు కనపడదు. లక్షా డెబ్బై ఎనిమిది వేల మైళ్లు తిరిగిన ఏ కారుకైనా పంపు సీలు పోవడం వింతేమీ కాదు. తర్వాత రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచులు, గొట్టాల క్లిప్పుల దగ్గర, ఆపైన కారు లోపల ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి తడి ఉందేమో చూడు. కార్పెట్ తడిగా, జిగటగా ఉండి, లోపల తియ్యటి వాసన వస్తూ, ముందు అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర పడుతుంటే అప్పుడు షాపువాళ్లు చెప్పినట్టు కోర్ కారుతున్నట్టే, అది మార్చక తప్పదు. నీ ఉత్తరంలో ఆ మూడూ లేవు.

బయట ఎక్కడా తడి లేకుండా ఒత్తిడి తగ్గిపోతుంటే కొంచెం భయపడాల్సిన విషయం, హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు పోయి ఉండొచ్చు. ఇంజన్ వేడెక్కాక కూడా పొగ గొట్టం లోంచి తెల్లటి పొగ తియ్యటి వాసనతో రావడం, గాలి ఎంత తీసినా గరాటులో బుడగలు ఆగకపోవడం దాని గుర్తులు. దానికీ ఒక పరీక్ష ఉంది, నీలి ద్రవం ఉన్న గాజు గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి ఆవిరి లాగితే, ఇంజన్ లోపలి పొగ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. అది మారితే మిగతా ఖర్చులన్నీ ఆపి నాకు రాయి, ఎందుకంటే అప్పుడు కారు ఉంచుకోవాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

ఇప్పుడు, కూలెంట్ నిండుగా ఉండి గాలి తీసేశాక కూడా హీటర్ బలహీనంగానే ఉంటే, రెండు గొట్టాలు పట్టుకుని చూడు. ఇంజన్ వెనక, క్యాబిన్‌కి అడ్డుగా ఉన్న లోహపు గోడ లోంచి లోపలికి వెళ్లే రెండు సన్నటి రబ్బరు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. ఇరవై నిమిషాలు డ్రైవ్ చేసి వచ్చి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, బెల్టుకీ ఫ్యానుకీ చెయ్యి దూరంగా ఉంచుకుని ఒక్కొక్కటీ తాకు. చేతి అంచనా చాలకపోతే ఇరవై డాలర్ల ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనుక్కో. రెండూ పట్టుకోలేనంత వేడిగా ఉండి గాలి మాత్రం చల్లగా వస్తుంటే కూలెంట్ తప్పు లేదు, డాష్‌బోర్డ్ లోపల గాలిని కోర్ వైపు మళ్లించే తలుపు కదలడం లేదన్నమాట. పాత కార్లలో నాబ్ నుంచి ఆ తలుపుకి ఒక తీగ ఉంటుంది, క్లిప్పు ఊడితే నాబ్ వదులుగా తిరుగుతుంది, అలాంటప్పుడు తిరిగి తగిలిస్తే సరిపోతుంది, రూపాయి ఖర్చు లేదు. రెండూ గోరువెచ్చగానే ఉంటే ఇంజనే వేడెక్కడం లేదు, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. అలాంటప్పుడు ఫ్రీవే మీదే ఎక్కువ చల్లబడుతుంది, ఆగితే వెచ్చబడుతుంది, నీది దానికి సరిగ్గా ఉల్టా. ఇంజన్ లైటు వెలిగి, ఇంజన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే పీ0128 కోడ్ కూడా రావొచ్చు, 1996 తర్వాత అమెరికాలో అమ్మిన కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఆ కోడ్ చదివే సాకెట్ ఉంటుంది.

ఒకటి వేడిగా, రెండోది స్పష్టంగా చల్లగా ఉంటే కోర్ మూసుకుపోయింది. అప్పుడు కూడా 1,150 పెట్టే ముందు కడిగి చూడాలి. కోర్ ఖరీదు పెద్దది కాదు, డాష్‌బోర్డ్ మొత్తం విప్పి బిగించే కూలీయే ఆ అంకె, విప్పినప్పుడు పాత ప్లాస్టిక్ క్లిప్పులు విరిగి జీవితాంతం కిరకిరలాడటం అదనం. కడగడమంటే ఇంజన్ చల్లారాక ఆ రెండు గొట్టాలూ కోర్ వైపు ఊడదీసి, చల్లగా ఉన్న గొట్టం వైపు నుంచి, అంటే మామూలు ప్రవాహానికి ఎదురుగా, తోటకి నీళ్లు పెట్టే పైపుతో సన్నటి ధారగా నీళ్లు పంపడం. గట్టి ఒత్తిడి పెట్టకు, లోపలి అల్యూమినియం గొట్టాలు పల్చన, చీలితే నిజంగానే కోర్ పోతుంది. మొదట గోధుమరంగు బురద వస్తుంది, తేటపడేదాకా అటూ ఇటూ మార్చి పంపి, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మిగిలిన నీళ్లని నోటితో కాక చిన్న పంపుతో నెమ్మదిగా బయటికి ఊది పంపేయాలి, లేకపోతే ఆ నీళ్లే కూలెంట్‌ని పల్చన చేస్తాయి. గొట్టం అతుక్కుపోయి రాకపోతే లాగి మెలిపెట్టకు, కోర్ పైపు తెగిపోతుంది, గొట్టాన్నే బ్లేడుతో నిలువుగా కోసి తీసి కొత్త ముక్క వేసుకో. ఇదంతా మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేయనివ్వకపోవచ్చు, లీజులో చాలా చోట్ల కారు రిపేర్లు చేయకూడదని రాసి ఉంటుంది, పైగా సున్నా కింద చలిలో తడి చేతులతో చేసే పని కాదు. ఎండ ఉన్న రోజు ఇల్లు ఉన్న ఎవరైనా అన్నయ్య డ్రైవ్‌వేలో చేసుకో, లేదా చిన్న షాపులో చేయించు.

ఫ్యాను సంగతి ఒక్క ముక్కలో చెప్తాను, గాలి వేడిగానే ఉండి ఊపు తక్కువైతే గ్లవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ చూడు, ఆకులూ దుమ్మూ పేరుకుని ఉంటాయి. ఫ్యాను పెద్ద స్పీడులో మాత్రమే తిరిగితే దాని వేగం తగ్గించే రెసిస్టర్ పోయినట్టు.

షాపుకే వెళ్తానంటే, ఇంకో షాపుకి వెళ్లు, వెళ్లి హీటర్ బాగుచేయండి అని చెప్పకు. కూలెంట్ తగ్గుతోంది, ప్రెషర్ టెస్ట్ చేసి ఎక్కడ కారుతోందో చూపించండి, రెండు హీటర్ గొట్టాల టెంపరేచర్ ఎంతెంతో చెప్పండి అని అడుగు. ఈ రెండు అంకెలు చెప్పలేనివాళ్లకి కోర్ మార్చే పని ఇవ్వొద్దు. మిషిగన్‌లో రిపేరు షాపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ (వాహనాల వ్యవహారాలు చూసే రాష్ట్ర కార్యాలయం) దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, పనిచేసే మెకానిక్‌కి రాష్ట్ర సర్టిఫికెట్ ఉండాలి, పని మొదలుపెట్టే ముందు ఎస్టిమేట్ రాతలో అడిగి తీసుకో. ఇక్కడి ఇంగ్లీషు ఇంకా అలవాటు కాలేదనో, స్టూడెంట్‌వనో మొహమాటపడకు, అడగడం నీ హక్కు. వాటర్ పంపే అయితే చిన్న షాపుల్లో సాధారణంగా 300 నుంచి 500 డాలర్ల మధ్య అయిపోవాలి, పంపుతో పాటు బెల్టు, థర్మోస్టాట్, కొత్త కూలెంట్ ఒకేసారి వేయించుకో, ఎలాగూ కూలెంట్ తీస్తారు కాబట్టి వేరే కూలీ పెద్దగా పడదు. 3,200 పెట్టి కొన్న ఆ ఇంజన్‌కి ఈ ఖర్చు దండగ కాదు.

ఈలోగా ఎవరో ఒకరు లీకు ఆపే మందు డబ్బా పోయమంటారు. పోయకు. అది పంపు దగ్గరి రంధ్రం మూస్తుందో లేదో గాని హీటర్ కోర్ సన్నటి దారుల్ని మాత్రం ఇరుకు చేయొచ్చు, ఉన్న జబ్బుకి ఇంకొకటి కలపొచ్చు. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టే చిన్న హీటర్లు కూడా కొనకు, ఆ సాకెట్ మహా అయితే 150, 180 వాట్లు ఇస్తుంది, కారు హీటర్ ఇచ్చేది కొన్ని కిలోవాట్లు, అది నీ వేళ్లు కూడా వెచ్చబెట్టలేదు. గ్యాస్ హీటర్ కారు లోపల వెలిగించే ఆలోచన అసలే వద్దు. డిక్కీలో ఒక దుప్పటి, మంచు గీకే పలక, నీళ్లు కలిపిన కూలెంట్ ఒక డబ్బా పెట్టుకో. దారిలో ముల్లు సగం దాటి పైకి లేస్తే ఇంకో మైలేగా అనుకోకుండా పక్కకి ఆపి ఇంజన్ ఆపెయ్యి.

రేపు పొద్దున కాలేజీకి వెళ్లే ముందు ఆ మూత తీసి చూడు. వేలు తడిసిందా లేదా, ఎంత కూలెంట్ పట్టింది, టెస్టర్‌లో అంకె ఎంత వచ్చింది, గాలి తీశాక సిగ్నల్ దగ్గర వేడి నిలబడిందా, ఈ నాలుగూ రాసి పంపు. మీ నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు ఇక్కడ నీళ్లు పోయకూడదట అని కూడా చెప్పు.